వర్షమునకు బీమా - ఒక ఆలోచన చరిత్ర

"ఉత్తర చూచి ఎత్తర గంప" అని తెలుగునాట ఒక సామెత కలదు. ఉత్తర కార్తె సెప్టెంబరు నెల నడుమ ప్రవేశించును. అప్పటికిని వాన కురియనిచో పైరుమీద ఆశ వదలుకొని, గంప నెత్తికెత్తుకొని, కూలి దొరకు చోటికి పొమ్మని దాని భావము. మఖ, పుబ్బ కార్తెలు వరపైనచో మహాక్షామము తప్పదని చెప్పు సామెత మరియొకటి కలదు. ఈ రెండు కార్తెలును ఆగస్టు నడిమినుండి సెప్టెంబరు రెండవ వారమువరకు నుండును. వేరుసెనగ కాయ ఊరుటకును, మెట్టపైరులు అనేకము గింజ కట్టుటకును నీరు మిక్కిలి అవసరమైన కాలమదియే.

ఈ సామెతలలో గమనింపదగిన విశేషమొకటి యున్నది. అవి పంటను చూడుమని చెప్పుట లేదు, వానను చూడుమని చెప్పుచున్నవి. ఫలానా గడువులోపల వాన కురియనిచో ఫలానా పని చేయవలెనని ముందుగనే నిర్ణయించుచున్నవి. పంట చేతికి వచ్చునో రాదో తేలువరకు వేచియుండినచో ఆలస్యమగును. వాన లెక్క మాత్రము ఏనాటికానాడు తెలియును.

సరిగా ఈ తీరుననే ఆలోచించి, 1915లో మైసూరు సంస్థానమున ఒక అధికారి కరవునుండి రైతును కాపాడుటకు ఒక పథకమును ప్రకటించెను. ఆనాడది కాగితముమీదనే నిలిచిపోయెను. ఎనుబదియెనిమిది సంవత్సరముల తరువాత, 2003లో, మహబూబ్‌నగర్ జిల్లాలోని కొందరు రైతుల చేతికి అట్టి బీమా పత్రము వచ్చెను. ఈ నడుమ జరిగిన కథ గణితమునకును, వాతావరణ శాస్త్రమునకును, సేద్యమునకును సంబంధించినది.

మెట్టరైతు జమాఖర్చు

సేద్యము ఒక వృత్తి మాత్రమే కాదు, అది ఒక వ్యాపారము కూడ. కాని తక్కిన వ్యాపారములకును దీనికిని ఒక భేదము కలదు. మెట్టరైతు ఖర్చంతయు ముందు, రాబడియంతయు వెనుక. దుక్కి, విత్తనము, ఎరువు, కలుపుతీత మొదలగువానికి జూన్, జూలై, ఆగస్టు నెలలలోనే సొమ్ము వెచ్చింపవలెను. వేరుసెనగ వంటి పంటకు ఎకరమునకు పదుల కిలోల విత్తనము కావలెను గనుక విత్తనపు ఖర్చే పెద్ద భారము. మృగశిర వానకు విత్తి, ఆపై మూడు వారములు వాన మొగము చాటువేసినచో మొలక మాడిపోవును. మరల విత్తుటకు మరల సొమ్ము కావలెను. ఖర్చు నిశ్చయము, రాబడి అనిశ్చితము.

ఈ అనిశ్చితిని ఎదుర్కొనుటకు రైతులు తరతరములుగా కొన్ని ఉపాయములు పాటించుచు వచ్చిరి. జొన్నలో కందిని సాళ్లుగా వేయుట వానిలో నొకటి. జొన్న త్వరగా కోతకు వచ్చును. కంది వేరు లోతునకు పోయి చివరి వానల తేమతో బ్రతుకును. ఒకటి పోయినను రెండవది దక్కును. ముంగారు వానలు తప్పినచో వెనుకటి వానలకు ఉలవలు చల్లుట రెండవ ఉపాయము. పొలమంతయు ఒకచోటనే గాక, కొంత ఎఱ్ఱనేలలోను, కొంత నల్లరేగడిలోను ఉంచుకొనుట మూడవది. మంచి సంవత్సరపు ధాన్యమును పాతరలలో దాచుట, పశువులను పెంచుకొని అవసరమైనపుడు అమ్ముకొనుట, బంధువులయొద్దనో షావుకారియొద్దనో అప్పు తెచ్చుట తక్కినవి.

ఒక రైతుకు ఆపద వచ్చినపుడు ఇవన్నియు పనిచేయును. ఊరంతకు ఒకేసారి ఆపద వచ్చినపుడు వీనిలో చాల భాగము విఫలమగును. కరవునాడు అందరును పశువులను సంతకు తోలుదురు. కొనువాడు లేక వాని ధర పడిపోవును. అదే సమయమున గింజల ధర పెరుగును. రెండు ఎడ్లు అమ్మి రెండు నెలల తిండి గింజలు కొనలేని స్థితి యేర్పడును. అప్పిచ్చు బంధువుల పొలమునకు కూడ ఆ వానయే తప్పినది. ఇరుగుపొరుగు సాయము ఇరుగుపొరుగు బాగున్నప్పుడే లభించును. కరవు ప్రత్యేకత యిదియే. అది ఒక ఇంటికి పట్టిన నిప్పు వంటిది కాదు, దేశమునకు పట్టిన జ్వరము వంటిది.

పందొమ్మిదవ శతాబ్దపు పాఠము

1876-78 సంవత్సరముల మహాక్షామము ఈ విషయమును క్రూరముగ ఋజువుచేసెను. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతములును, మైసూరు సంస్థానమును దానివలన దారుణముగ దెబ్బతినెను. మైసూరు జనాభా 1871 లెక్కల ప్రకారము 50 లక్షలకు పైబడియుండెను. 1881 నాటికది 42 లక్షలకు లోబడిపోయెను. పది సంవత్సరములలో పెరుగవలసిన జనాభా ఎనిమిది లక్షలకు పైగా తగ్గినదన్నమాట.

ఈ క్షామము తరువాత ప్రభుత్వము ఒక క్షామ సంఘమును నియమించెను. సర్ రిచర్డు స్ట్రేచీ అధ్యక్షుడుగానున్న ఆ సంఘము 1880లో నివేదిక సమర్పించెను. దాని ఫలితముగా రాష్ట్రములందు క్షామ నివారణ నియమావళులు ఏర్పడెను. 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టమును, 1884లో వ్యవసాయదారుల ఋణముల చట్టమును వచ్చినవి. వీనిక్రింద బావులు త్రవ్వుకొనుటకును, విత్తనములు, ఎడ్లు కొనుటకును ప్రభుత్వమిచ్చు అప్పునే జనులు తకావీ అనిరి. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది.

ఇవన్నియు మేలైన పనులే. కాని వానిలో ఒక లోపము కలదు. క్షామ నివారణ పనులు మనిషిని చావకుండ కాపాడును గాని సేద్యమును కాపాడవు. ఋణము నేటి కష్టమును రేపటికి జరుపును గాని తొలగింపదు. వరుసగా రెండేండ్లు వాన తప్పినచో మొదటి అప్పు తీరకమునుపే రెండవ అప్పు కావలెను. రైతు సేద్యమును నిలబెట్టుకొనుటకు తిరిగి చెల్లింపనవసరము లేని సొమ్ము, కరవు వచ్చిన సంవత్సరముననే, యాచనగా గాక హక్కుగా రావలెను. అట్టి సొమ్మునిచ్చు ఏర్పాటునకే బీమా యని పేరు.

మైసూరులో పుట్టిన ఆలోచన

జె. ఎస్. చక్రవర్తి మైసూరు సంస్థానమున ఆర్థికశాఖలో ఉన్నతోద్యోగి. బీమా విషయమున అనుభవము కలవాడు. ఆయన 1915లో మైసూరు ఎకనామిక్ జర్నల్‌లో వ్యవసాయ బీమాను గూర్చి వ్యాసములు ప్రకటించెను. 1920లో ఆ విషయముననే ఒక గ్రంథము వెలువరించెను. మైసూరు సంస్థానమునకే గాక భారతదేశమంతకును అనువైన పద్ధతిని అందు వివరించెను.

రైతుకు నష్టము కలిగినపుడు పరిహారమీయవలెనన్నచో మొదట తట్టు ఉపాయము పొలమునకు పోయి పంటను కొలుచుట. చక్రవర్తి దీనిని పరిశీలించి, మన దేశమున నిది సాగదని తేల్చెను. ఇక్కడ కమతములు చిన్నవి, లక్షల కొలదిగానున్నవి. ప్రతి మడికిని ఒక పరీక్షకుని పంపుటకగు ఖర్చు పరిహారమునే మించిపోవును. అదిగాక పంట తగ్గుటకు కారణము వాన లేమియా, సేద్యపు లోపమా యని నిర్ణయించుట కష్టము. పంట పోయినచో సొమ్ము వచ్చునను ధైర్యముతో కలుపు తీయుట మానిన రైతునకును, శ్రమించి నష్టపోయిన రైతునకును ఒకే పరిహారమిచ్చుట న్యాయము కాదు.

కావున ఆయన పంటకు గాక వర్షమునకే బీమా చేయుమనెను. ఒక ప్రాంతమునకు ఒక వర్షమాన కేంద్రమును ప్రమాణముగా గ్రహింపవలెను. అందు నమోదైన వాన నిర్ణీతమైన మట్టమునకు తగ్గినచో ఆ ప్రాంతమున బీమా చేసిన రైతులందరికిని పరిహారము ముట్టవలెను. ఎవరి పంట ఎట్లున్నదని ప్రశ్నింప పనిలేదు. సోమరి రైతుకును కష్టించు రైతుకును ఎకరమునకు ఒకే సొమ్ము వచ్చును. కాని కష్టించువాడు దక్కించుకొన్న నాలుగు గింజలు కూడ అతనివే యగును. కనుక శ్రద్ధకు నష్టము లేదు. వానను రైతు తగ్గింపలేడు, బీమా సంస్థ పెంపలేదు. ఇరువురికిని ఆ కొలత నమ్మదగినది.

ఈ యాలోచనకు ఆధారమైనవి వర్షమాన పట్టికలు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. పరిపాలనకై కొలిచి వ్రాసియుంచిన వాన లెక్కలు చక్రవర్తి నాటికి కొన్ని దశాబ్దములవి లభించుచుండెను. ఏ ప్రాంతమున ఎన్ని సంవత్సరములకొకసారి వాన ఎంత తగ్గినదో వానివలన తెలియును. అది తెలిసినచో ప్రీమియము లెక్కగట్టవచ్చును.

అమెరికాలో హెరాల్డు హాల్‌క్రో అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు ప్రాంతపు సగటు పంటనుగాని, వాతావరణమునుగాని ఆధారముగా గైకొని బీమా చేయవచ్చునని 1949లో ప్రకటించెను. అమెరికా ప్రభుత్వము పంటల బీమా సంస్థను స్థాపించినది 1938లో. గోధుమలతో 1939లో ఆరంభమైన ఆ బీమా రైతు రైతు పంటను కొలుచు పద్ధతిది. మొదటి సంవత్సరములలో వసూలైన ప్రీమియముకంటె చెల్లించిన పరిహారమే మించిపోయెను. వీనికంటె ముందే మైసూరునందు ఈ సమస్యను గుర్తించి పరిష్కారము సూచింపబడినది. ఐనను ఆ పథకము అమలునకు రాలేదు.

బీమా లెక్క ఎట్టిది?

బీమాకు మూలము సంభావ్యతా గణితము. ఒక ప్రాంతమున నూరు సంవత్సరముల వాన లెక్కలు చూడగా పదిమార్లు తీవ్రమైన అనావృష్టి కలిగినదనుకొందము. అనగా ఒక సంవత్సరమున అనావృష్టి కలుగుటకు సంభావ్యత పదింట ఒకటి. అట్టి సంవత్సరమున రైతుకు 10,000 రూపాయలు ముట్టవలెనన్నచో, సగటున ప్రతి సంవత్సరము అతనినుండి 1,000 రూపాయలు రావలెను. సంస్థ ఖర్చులకును, ఎదురుచూడని నష్టములకును కొంత చేర్చవలెను. ఆ మొత్తమే ప్రీమియము.

ఇక్కడ ఒక చిక్కున్నది. అగ్ని బీమాలో వేయి ఇండ్లవారు ప్రీమియము చెల్లించినచో ఏడాదిలో ఏ రెండు మూడు ఇండ్లో కాలును. తక్కినవారి సొమ్ముతో వారి నష్టము తీరును. ఒక ఇల్లు కాలుటకును మరియొక ఇల్లు కాలుటకును సంబంధము లేదు. అనావృష్టి అట్లు కాదు. వేయిమంది రైతులకును ఒకే సంవత్సరము నష్టము కలుగును. కావున జిల్లాకు పరిమితమైన బీమా సంస్థ ఒక్క కరవుతో దివాలా తీయగలదు. దీనికి రెండే మార్గములు. నష్టమును దూరప్రాంతములకు పంచుట మొదటిది. ఒకచోట వాన తప్పిన సంవత్సరమున మరియొకచోట కురియవచ్చును. మంచి సంవత్సరముల మిగులును నిధిగా కూర్చి చెడు సంవత్సరములకు వాడుట రెండవది. మొదటిదానికి విశాలమైన దేశము కావలెను, రెండవదానికి ఓర్పు కావలెను. ప్రభుత్వము పూనుకొననిదే వ్యవసాయ బీమా నిలబడుట కష్టమని పలువురు తలచుటకు కారణమిదియే.

పంటకు బీమా

స్వాతంత్ర్యానంతరము మన దేశము మొదట తొక్కిన దారి వర్షపు బీమా కాదు, పంట బీమా. 1972లో గుజరాతునందు హెచ్-4 ప్రత్తికి ప్రయోగాత్మకముగ బీమా ఆరంభమయ్యెను. తరువాత అది ఆంధ్రప్రదేశ్‌తో సహా మరికొన్ని రాష్ట్రములకు వ్యాపించెను. ఇది రైతు రైతు పంటను పరీక్షించు పద్ధతిది. 1978-79 వరకు సాగిన ఆ ప్రయోగమున చేరినవారు 3,110 మంది రైతులు. వసూలైన ప్రీమియము 4.54 లక్షల రూపాయలు, చెల్లించిన పరిహారము 37.88 లక్షలు. అనగా వచ్చినదానికి ఎనిమిదింతలకు పైగా పోయెను. చక్రవర్తి హెచ్చరించిన చిక్కులు ఈ అంకెలలో కనబడుచున్నవి. నష్టము వచ్చునని తలచినవారే బీమాలో చేరుదురు, చేరినవారి నష్టమును నిర్ణయించుట కష్టమగును.

1976లో ప్రసిద్ధ ఆర్థిక శాస్త్రవేత్త వి. ఎం. దండేకర్ మరియొక మార్గము సూచించెను. ఒక్కొక్క రైతు పంటను గాక ఒక ప్రాంతపు సగటు దిగుబడిని ప్రమాణముగా గ్రహింపవలెనని ఆయన మతము. ప్రాంతమున కొన్ని మడులను యాదృచ్ఛికముగ ఎన్నుకొని, పంటను కోసి, నూర్చి, తూచి సగటు కనుగొందురు. వీనికి పంటకోత ప్రయోగములని పేరు. ఈ పద్ధతిపై 1979లో ప్రయోగాత్మక బీమాయును, 1985లో సమగ్ర పంటల బీమాయును, 1999-2000 రబీలో జాతీయ వ్యవసాయ బీమాయును ఏర్పడెను.

సమగ్ర పంటల బీమా 1999 ఖరీఫ్ వరకు నడచెను. ఆ కాలమున ప్రీమియముగా వసూలైనది సుమారు 404 కోట్ల రూపాయలు, పరిహారముగా చెల్లించినది సుమారు 2,303 కోట్లు. రైతులకు మేలు కలిగినమాట నిజమే. కాని అది బీమా కంటె సహాయనిధిగానే పనిచేసెను. అదిగాక పంటకోతలు ముగియవలెను, లెక్కలు కూడవలెను, అవి పై కార్యాలయములకు చేరవలెను. వర్షాకాలపు నష్టమునకు సొమ్ము వచ్చునప్పటికి ఒక్కొక్కప్పుడు మరల విత్తుకాలము దాటిపోవుచుండెను. కరవు సంవత్సరమున అప్పులవాడు తలుపుకొట్టు నెలకును, పరిహారము వచ్చు నెలకును నడుమనున్న ఎడము రైతుకు ప్రాణాంతకము.

మహబూబ్‌నగర్ ప్రయోగము

2002లో నైరుతి ఋతుపవనము దేశమంతటను దెబ్బతీసెను. ఋతువు మొత్తముమీద వర్షము 19 శాతము తగ్గెను. విత్తనములకు ప్రాణమైన జూలై నెలలో లోటు సగమునకు మించెను. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లా మెట్ట ప్రాంతము. ఏటికి సుమారు 600 మిల్లీమీటర్ల వానయే ఆధారము. ఎఱ్ఱనేలలలో ఆముదము, వేరుసెనగ ముఖ్యమైన పంటలు. వాన తప్పినచో దూరదేశములకు మట్టిపనికి తరలిపోవు పాలమూరు కూలీల పేరు దేశమంతటను తెలిసినదే. ఉత్తర కార్తె సామెతకు ఈ జిల్లా సజీవమైన వ్యాఖ్యానము.

హైదరాబాదు కేంద్రముగా 1996లో ఏర్పడిన బేసిక్స్ అను సంస్థ పల్లెలలో చిన్న ఋణములిచ్చుచుండెను. మహబూబ్‌నగర్‌లో దానికి కృష్ణా భీమా సమృద్ధి అను స్థానిక బ్యాంకు కలదు. ఆ ప్రాంతపు రెండు నదుల పేర్లు దానికి పెట్టిరి. అనావృష్టి వచ్చినపుడు రైతు అప్పు తీర్పలేడు, బ్యాంకు సొమ్ము నిలిచిపోవును. ఇరువురిదియు ఒకే ఆపద. కావున ఐసీఐసీఐ లొంబార్డు అను బీమా సంస్థతో కలిసి, ప్రపంచ బ్యాంకు నిపుణుల సాంకేతిక సహాయముతో, 2003 ఖరీఫ్‌లో వర్షపు బీమాను ఆరంభించిరి. మొదటి సంవత్సరము చేరినవారు 230 మంది రైతులు. వారిలో 154 మంది వేరుసెనగ రైతులు, 76 మంది ఆముదపు రైతులు. దేశమున వర్షమును ఆధారముగాగొన్న బీమా రైతుల చేతికి అందుట అదియే ప్రథమము.

తరువాతి సంవత్సరమునుండి ఆ పద్ధతిని పైరు పెరుగుదల ననుసరించి మెరుగుపరచిరి. జూన్ 1 తరువాత మొత్తము వాన 50 మిల్లీమీటర్లకు చేరిన దినమునుండి మొదటి దశ ఆరంభమగును. అనగా నేలకు విత్తుపదును వచ్చిన దినమన్నమాట. మొదటి రెండు దశలు ముప్పదియైదేసి దినములు, మూడవది నలువది దినములు. మొదటి రెండు దశలలో వాన తగ్గినచో పరిహారము, కోతకు వచ్చు మూడవ దశలో వాన మించినచో పరిహారము. వేరుసెనగ పెరికి ఆరవేయు సమయమున ముసురు పట్టినచో కాయ బూజుపట్టుననియు, చేనిలోనే మొలకెత్తుననియు రైతులెరిగినదే.

ఇంకను రెండు సూక్ష్మములు చేర్చిరి. ఒక దినమున రెండు మిల్లీమీటర్లకు లోబడిన వానను లెక్కలోనికి గైకొనరు. అట్టి తుంపర నేలలోనికి ఇంకకమునుపే ఆవిరియైపోవును. ఒక దినమున అరువది మిల్లీమీటర్లకు మించిన వానలో ఆ మించినదానిని కూడ విడిచిపెట్టుదురు. అది వాగై పారిపోవును గాని పైరుకు పట్టదు. రైతు వాడుకలో "పదును" అను మాటకు గల అర్థమునే ఈ నియమములు అంకెలలో చెప్పినవి.

పరిహారము కట్టు తీరునకు ఒక ఊహా ఉదాహరణము చూడవచ్చును. ఒక దశకు పై మట్టము 80 మిల్లీమీటర్లు, క్రింది మట్టము 20 మిల్లీమీటర్లు, తగ్గిన ప్రతి మిల్లీమీటరునకు 15 రూపాయలు అనుకొందము. ఆ దశలో 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో లోటు 30. పరిహారము 450 రూపాయలు. వాన 20కి లోబడినచో పైరు పోయినట్లే భావించి, ముందు నిర్ణయించిన పూర్తి మొత్తము, 2,000 రూపాయలనుకొన్నచో అంతయు, ఇత్తురు. ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడ ఈ లెక్క కట్టగలడు. పంట కోయనక్కరలేదు, పరీక్షకులు రానక్కరలేదు. కొన్ని వారములలో సొమ్ము చేతికి రావచ్చును.

వానకొలత పాత్రకును చేనుకును నడుమ

ఇంత చక్కని పద్ధతిలోను ఒక ముల్లు దాగియున్నది. బీమా కొలుచునది కేంద్రమునందలి వానను, పైరు త్రాగునది చేనిలో కురిసిన వానను. రెంటికిని నడుమ పది, పదిహేను కిలోమీటర్ల దూరముండవచ్చును. అల్పపీడనము వలన కురియు ముసురు విశాలమైన ప్రాంతమున దాదాపు సమముగ పడును. కాని ఎండకు నేల కాగి, గాలి పైకి లేచి, ఉరుములతో కురియు వాన అట్లు కాదు. దాని మేఘము కొన్ని కిలోమీటర్ల వెడల్పు మాత్రమే కలది. చెరువుకు ఈవల గట్టిగా కురిసి, ఆవల దుమ్ము కూడ అణగని సంఘటనలు ప్రతి ఊరివారును చూచినవే.

కేంద్రమున వాన పడి, చేనిలో పడనిచో రైతు పంటయు పోవును, ప్రీమియమును పోవును. బీమా లేని సంవత్సరముకంటె అతని స్థితి హీనమగును. చేనిలో పడి, కేంద్రమున పడనిచో నష్టము లేకయే సొమ్ము వచ్చును. బీమా శాస్త్రజ్ఞులు దీనిని ఆధార వ్యత్యాసపు ఆపద యందురు. పురుగు, తెగులు వలన పంట పోయినను వర్షపు బీమా పరిహారమీయదు. చక్రవర్తి తప్పించుకొన్న చిక్కు ఒకటి, తెచ్చిపెట్టుకొన్న చిక్కు మరియొకటి. పంటను కొలిచినచో ఆలస్యము, ఖర్చు. వానను కొలిచినచో వ్యత్యాసము. ఈ రెంటిలో దేనిని ఎంతవరకు భరింపవచ్చునన్నదే వ్యవసాయ బీమా చరిత్ర అంతటను వినవచ్చు ప్రశ్న.

రైతులు దీనిని ఎట్లు స్వీకరించిరి? జావియర్ జినే, రాబర్టు టౌన్‌సెండ్, జేమ్సు వికరీ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు ఈ బీమా అమ్మకము జరిగిన ప్రాంతమున వేయికి పైబడిన కుటుంబములను విచారించి 2008లో తమ పరిశోధనను ప్రకటించిరి. ఆపదకు ఎక్కువ భయపడువారే బీమా ఎక్కువగా కొందురని పుస్తకములు చెప్పును. ఇక్కడ దానికి విరుద్ధముగ జరిగెను. ఎక్కువ జంకు గలవారిలో బీమా సంస్థతో ముందు పరిచయము లేనివారు బీమాను కొనుటకే జంకిరి. బీమాయే వారికి తెలియని ఒక క్రొత్త ఆపదవలె తోచెను. కొనకపోవుటకు వారు చెప్పిన కారణములలో చేతిలో సొమ్ము లేకపోవుట, పద్ధతి అర్థము కాకపోవుట ముఖ్యమైనవి. ప్రీమియము చెల్లింపవలసినది విత్తనము కొనవలసిన నెలలోనే గదా!

మరియొక పరిశోధన 2017లో ప్రకటితమయ్యెను. వర్షపు బీమా లభించిన ఆంధ్రప్రదేశ్ రైతులు రాబడి హెచ్చుగానుండి ఆపద కూడ హెచ్చుగానున్న వేరుసెనగ, ఆముదము వంటి పంటలవైపు ఎక్కువ పెట్టుబడి మరల్చిరని అందు తేలినది. చదువుకొన్నవారిలో ఈ మార్పు అధికము. బీమా ప్రయోజనము కరవు సంవత్సరమునకే పరిమితము కాదని దీనివలన తెలియుచున్నది. కరవు భయముచేత మంచి సంవత్సరములలో కూడ రైతు చేయి ముడుచుకొనుచున్నాడు. ఆ ముడుచుకొనుటవలన కలుగు నష్టము ఏ లెక్కలోను కనబడదు.

తరువాతి చరిత్ర

వర్షపు బీమా త్వరలోనే ప్రభుత్వ పద్ధతులలో చేరెను. 2004లో ప్రభుత్వరంగమునందలి వ్యవసాయ బీమా కంపెనీ వర్ష బీమాను కొన్ని రాష్ట్రములలో ప్రవేశపెట్టెను. 2007లో వాతావరణాధారిత పంటల బీమా ఏర్పడెను. వర్షముతోపాటు ఉష్ణోగ్రత, గాలిలోని తేమ మొదలగువానిని కూడ అందు ప్రమాణముగా గ్రహించిరి. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వచ్చినపుడు దానితోపాటు వాతావరణ బీమాను కూడ సవరించి కొనసాగించిరి. రైతు చెల్లింపవలసిన వంతు ఖరీఫ్ ఆహారధాన్యములకు, నూనెగింజలకు 2 శాతము, రబీలో 1.5 శాతము, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతమని నిర్ణయించిరి. తక్కిన ప్రీమియమును ప్రభుత్వములు భరింపవలెను. 2020లో అప్పు తీసుకొన్న రైతులకు కూడ బీమాలో చేరుటను ఐచ్ఛికము చేసిరి. స్వయంచాలక వర్షమాపకములును, ఉపగ్రహ చిత్రములును వాడుకకు వచ్చి, కొలత కేంద్రములు చేనుకు దగ్గరగా జరుగుచున్నవి.

ఐనను బీమా వానను కురిపింపదు. నేలలో తేమను నిలుపదు. కంది సాలు, చేను గట్టు, నీటిగుంట, పశువుల కొట్టము చేయు పనిని బీమా పత్రము చేయజాలదు. అవన్నియు చేసినను మిగిలియుండు నష్టమునకే బీమా. పూర్వపు ఉపాయములు ఇరుగుపొరుగు నడుమ ఆపదను పంచినవి. బీమా ఆ ఇరుగుపొరుగును దేశమంత విశాలము చేసినది.

ఉన్నత పాఠశాలల విద్యార్థులు ఈ విషయమును స్వయముగ పరీక్షించి చూడవచ్చును. సమమైన అడుగును, నిలువు గోడలును గల ఒక డబ్బాను ఆరుబయట, గోడలకును చెట్లకును వాని ఎత్తునకు రెండింతలకు తక్కువ కాని దూరమున, అంచు నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున నుండునట్లు నిలుపవలెను. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు అందలి నీటి లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి వ్రాసికొనవలెను. ఒక మిల్లీమీటరు వాన యనగా ఎకరమునకు సుమారు 4,047 లీటర్ల నీరు. జూన్‌నుండి సెప్టెంబరువరకు ఇట్లు వ్రాసిన పట్టికను తమ మండల కేంద్రపు పట్టికతో పోల్చి చూడవలెను. రెండు పట్టికలును ఎక్కడ కలిసినవో, మఖ, పుబ్బ కార్తెలలో ఎక్కడ విడిపోయినవో గుర్తింపవలెను. ఆ విడిపోయిన మిల్లీమీటర్లలోనే ఆ యూరి రైతులకు బీమా సొమ్ము వచ్చుటయు, రాకపోవుటయు ఇమిడియున్నవి.